రంగు ఆరేదాకా

ఇంట్లో, వంటింటి బల్ల దగ్గర
ఫిబ్రవరి 6

మామయ్యకి నమస్కారం.

నేను మీ మేనకోడల్ని. కవరు మీద దస్తూరీ చూసి ఎవరా అనుకుని ఉంటారు. మీకు ఆఖరిసారి ఉత్తరం రాసినప్పుడు నాకు పదిహేనేళ్ళు. ఇప్పుడు ముప్ఫైమూడు. డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పిస్తున్నాను. రోజుకి ఆరుగురు నా పక్కన కూర్చుని బ్రేకనుకుని యాక్సిలరేటర్ తొక్కుతుంటారు. అయినా ఇప్పటిదాకా ఒంట్లో ఎముకలన్నీ ఉన్నచోటే ఉన్నాయి.

రెండుసార్లు ఫోన్ చేశాను. రెండుసార్లూ అత్తయ్యే తీసింది. మీకు ఫోన్లో మాట్లాడటం గిట్టదనీ, ఉత్తరం రాస్తే తప్పకుండా జవాబిస్తారనీ చెప్పింది. అందుకే రాస్తున్నాను.

సంగతి కారు గురించి. మీరూ నాన్నా తుక్కు ధరకి కొని, మూడేళ్ళు దాని మీదే పడి బాగుచేసుకున్నారే, ఆ రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. అది ఇంకా షెడ్డులోనే ఉంది. నెలకోసారి నాన్న స్టార్ట్ చేసి, పది నిమిషాలు విని, ఆపేస్తాడు. ఇంజనుకేం లోటు లేదు. రంగే చూడలేకుండా ఉంది. బానెట్ మీద పైపొర, ఎండకి కమిలిన చర్మం ఊడినట్టు ఊడిపోతోంది. వెనక చక్రాల పైన తుప్పు బుడగలు. కిందటి నెల నాన్న తుక్కు కొనేవాణ్ణి పిలుచుకొచ్చాడు. నేను అడ్డంపడి, నాకిచ్చెయ్యమన్నాను. రంగు వేసి రోడ్డెక్కిస్తే నీదేనన్నాడు. అంతే, ఆ తర్వాత ఒక్క సలహా ఇచ్చాడేమో అడగండి.

నేనెప్పుడూ కారుకి రంగు వెయ్యలేదు. ఈ కారుకి వేసిన చెయ్యి మీది. మీ ఇద్దరికీ మాటల్లేవని తెలుసు. అమ్మ పోయిన రోజు కూడా చెరో గోడకి ఆనుకుని నిలబడ్డారు. ఈ షెడ్డులో మీరిద్దరూ నడిపిన కార్ల షాపుని నట్టేట వదిలేసి పోయారని నాన్న అంటాడు. మీరేమంటారో నేనెప్పుడూ వినలేదు. అది అడగడానికి కాదు ఈ ఉత్తరం. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో, ఆ ఆకుపచ్చ రంగు ఎలా పట్టుకోవాలో చెబితే చాలు.

మీ మేనకోడలు


మూడో అంతస్తు, కిటికీ పక్క కుర్చీ
ఫిబ్రవరి 15

కోడలు పిల్లకి,

ఈ "మీరు" ఎక్కణ్ణుంచి వచ్చింది? నా భుజమెక్కి షాపంతా ఊరేగిన రోజుల్లో "నువ్వే"గా? మళ్ళీ ఆ మాట రాశావంటే ఉత్తరం విప్పకుండా తిప్పి పంపిస్తాను.

కారు తుక్కులోకి పోనివ్వలేదు కాబట్టి నీకు ఏం అడిగినా చెబుతాను.

పెట్రోలు పోసే చోట చిన్న తలుపు ఉంటుంది చూడు, దాని లోపలి వైపు ఎండ తగలదు. అసలు రంగు అక్కడ ఉంది. ఆ తలుపు విప్పి రంగుల దుకాణానికి తీసుకుపో. ఇప్పుడు మిషను పెట్టి చూసి కలిపిస్తారట. మేం కంటితో కలిపాం. ఆ పచ్చ కుదిరేసరికి పద్నాలుగు రేకు ముక్కలు పాడయ్యాయి. ప్రతిదానికీ మీ నాన్న "ఇంకొంచెం నలుపు" అనేవాడు, నేను "ఇంకొంచెం నీలం" అనేవాణ్ణి. పద్నాలుగోది ఎవరు కలిపారో ఇద్దరం మరిచిపోయాం, అందుకే ఇద్దరికీ నచ్చింది.

రంగు వెయ్యడం ఒక్కరోజు పని. అంతకుముందు పని నెలన్నర. పైపొర లేచినచోటల్లా తీసెయ్యి. తుప్పుని లోహం తెల్లగా కనపడేదాకా గీకు, మొహమాటపడకు. గుంటలకి లప్పం పల్చగా పెట్టి, ఆరాక నీళ్ళు పోస్తూ వాటర్ పేపర్‌తో రుద్దు. తర్వాత కళ్ళు మూసుకుని అరచేత్తో నిమురు. కంటికి దొరకని గుంట చేతికి దొరుకుతుంది.

ఇంకోటి. మీ నాన్న ఆ కారుకి మెరుపు కోసం ఏదో నూనె రుద్దేవాడు, నేను వద్దంటున్నా. దాని జిడ్డు చుక్క మిగిలినా కొత్త రంగు అక్కడ నిలవదు, గుండ్రంగా చేపకళ్ళలా విడిపోతుంది. తుడిచిన గుడ్డతో మళ్ళీ తుడవకు.

స్ప్రే గన్ను పట్టుకునే ముందు మాత్రం నాకు రాయి. రాయకుండా ముట్టుకోకు.

మీ నాన్న అన్నది నిజమే. వదిలేసి వచ్చాను. ఇక్కడ బస్సు డిపోలో టైమ్‌టేబుళ్ళు రాసే ఉద్యోగం దొరికింది, కూర్చుని చేసే పని, బావుందనిపించింది. అంతకుమించి అందులో కథేం లేదు.

మామయ్య


ఇంట్లో
మార్చి 28

మామయ్యా,

నువ్వు, నువ్వు, నువ్వు. చాలా?

నెలన్నర అన్నావు, నెల రోజుల్లో ముగించాను. చేతిగోళ్ళు పోయాయి. స్కూల్లో ఒక పెద్దావిడ, స్టీరింగ్ మీద నా చెయ్యి చూసి, ఇంట్లో ఏమైనా కష్టాలున్నాయా అమ్మా అని మెల్లిగా అడిగింది.

కళ్ళు మూసుకుని నిమిరితే ఎడమ తలుపులో గుంట దొరికింది. పైకి అద్దంలా ఉంది. మూడుసార్లు లప్పం పెట్టాక పోయింది. అప్పటిదాకా దూరంగా గుమ్మంలో టీ కప్పు పట్టుకుని చూసే నాన్న, ఆ రోజు లోపలికొచ్చి తనూ నిమిరాడు. కప్పు బానెట్ మీద పెట్టబోయి ఆగి, తీసుకెళ్ళి కిటికీలో పెట్టాడు. నాకది మెడల్ ఇచ్చినట్టే.

నీ మాట ఒకటి జవదాటాను, కోప్పడకు. ముందు రాయమన్నావు కానీ, పోయిన ఆదివారం సెలవు దొరికిందని రంగు కిందికి వేసే ప్రైమర్ కొట్టేశాను, గట్టిపడటానికి హార్డ్‌నర్ మందు కలిపే రకం. దుమ్ము పడకుండా షెడ్డు తలుపులు, కిటికీలు మూసేసుకున్నాను. పాత ఫ్యాను ఉండే కంతని నాన్న ఎప్పుడో ఇటుకలతో కట్టేశాడు. మాస్క్ కొనాలా అని అడిగితే నవ్వాడు. తడిగుడ్డ కట్టుకుంటే చాలన్నాడు. "మీ మామయ్య పదకొండేళ్ళు గుడ్డ కట్టుకునే వేశాడు. ఏమైంది?" అన్నాడు. పద్దెనిమిదేళ్ళలో తిట్టకుండా నీ పేరెత్తడం అదే మొదలు. నాకెంత సంతోషమేసిందో.

ప్రైమర్ బాగా పట్టింది. రెండు రోజులుగా నాకే ఛాతీ పట్టేసినట్టుంది, జలుబు చేస్తోందేమో. వచ్చే ఆదివారం పచ్చ రంగు, దాని మీద పైపొర. గన్ను ఎంత దూరంలో పట్టుకోవాలి?

నీ కోడలు


కిటికీ పక్క కుర్చీ
ఏప్రిల్ 1, కొరియర్‌లో

తల్లీ,

గన్ను ముట్టుకోకు. ఈ ఉత్తరం చదవడం అయ్యాక లేచి డాక్టరు దగ్గరికి వెళ్ళు. హార్డ్‌నర్ కలిపిన రంగు మూసిన గదిలో పీల్చానని, ఛాతీ పట్టేసిందని చెప్పు. జలుబని చెప్పకు.

నాకు ఫోన్లో మాట్లాడటం గిట్టదని కాదు. నాలుగు మాటలు వరసగా అంటే ఊపిరందదు. మీ అత్తయ్య చేత అలా చెప్పిస్తుంటాను.

పద్దెనిమిదేళ్ళ కిందట ఆ కారుకి ఆఖరి పైపొర వేస్తున్నాం. ఫ్యాను తిరుగుతుంటే గేటు దగ్గరి దుమ్మంతా లాక్కొచ్చి తడి రంగు మీద పోస్తోంది. మీ నాన్న ఫ్యాను ఆపుదామా అన్నాడు. నేనే వెళ్ళి స్విచ్చి నొక్కాను. అది నా చెయ్యి, గుర్తుపెట్టుకో. అద్దంలాంటి పొర కావాలన్న పిచ్చి నాకే ఎక్కువ. అయిదు పొరలు వేశాను. ఆ వారం నుంచి మెట్లెక్కలేకపోయాను. ఆ ఒక్క రోజువల్లే కాదు, పదకొండేళ్ళది కలిసింది. ఆస్పత్రిలో డాక్టరు చెప్పాడు, ఆ మందు ఒంటికి ఒకసారి పడకుండాపోతే ఇక ఈ జన్మకి పడదని. పక్క గదిలో ఎవరైనా వేస్తున్నా నాకు ఊపిరాగుతుంది. తడిగుడ్డ దానికి అడ్డం కాదు. దుకాణంలో అమ్మే ముక్కు మాస్క్ మీద కూడా నమ్మకం లేదు. బయటి గాలి గొట్టంలోంచి మొహానికి వచ్చే రకం ఉంటుంది, అది కావాలి. ఫ్యాను కావాలి.

మీ నాన్నకి ఎందుకు చెప్పలేదంటావా. చెబితే అదే రోజు షాపు మూసేసేవాడు. నువ్వు పదో తరగతి. మీ అమ్మకి అప్పుడే ఆపరేషన్ అయింది. నన్ను తిట్టుకుంటూ షాపు నడుపుకుంటాడులే, నా బావమరిది ఊపిరి తీశానని కుమిలిపోతూ కూర్చోవడం కన్నా అదే నయం అనుకున్నాను. డిపోలో ఉద్యోగం చూసుకుని, ఈ పని విసుగొచ్చిందని చెప్పి వచ్చేశాను. మీ అమ్మకి కూడా అదే చెప్పాను.

ఇదంతా నీకు రాయాల్సి వస్తుందనుకోలేదు. నీ ఛాతీ గురించి చదివాక ఇంకో దారి కనపడలేదు. మీ నాన్నకి మాత్రం చెప్పకు. ఇన్నేళ్ళు కాపాడిన మాట.

డాక్టరు ఏమన్నాడో వెంటనే రాయి.

మామయ్య


ఇంట్లో
ఏప్రిల్ 20

మామయ్యా,

ముందు మంచి మాట. డాక్టరు గొట్టంలోకి ఊదించి, ఎక్స్‌రే తీయించి, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయన్నాడు. సమయానికి ఆగానట. ఆపింది నేను కాదు, నువ్వు.

ఇంక రెండో మాట. నీకిచ్చిన మాట నిలబెట్టుకోలేకపోయాను. కోపమొస్తే రెండు రోజులాగి జవాబు రాయి, అంతేగానీ రాయడం మానకు.

పని ఆపేశాను. ఎందుకాపావని నాన్న అడిగాడు. హార్డ్‌నర్ దొరకలేదన్నాను. మళ్ళీ అడిగాడు, తలనొప్పి అన్నాను. రెండో ఆదివారం తనే బజారుకెళ్ళి హార్డ్‌నర్ కొనుక్కొచ్చాడు. తువ్వాలు తడిపి, నాలుగు మడతలు పెట్టి, నా ముక్కుకి కట్టడానికి పట్టుకుని నిలబడ్డాడు. ఎంత జాగ్రత్తగా మడిచాడో. దాన్ని చూసి నావల్ల కాలేదు మామయ్యా. లోపలికెళ్ళి నీ ఉత్తరం తెచ్చి చేతిలో పెట్టాను.

నిలబడే చదివాడు. చదివి, మొదటి కాగితానికి తిరిగొచ్చి మళ్ళీ చదివాడు. తువ్వాలు ఇంకా చేతిలోనే ఉంది, నీళ్ళు కారుతూ. తర్వాత వెళ్ళి కారులో కూర్చున్నాడు, పక్క సీట్లో. స్టీరింగ్ వైపు కాదు. నేను పిలవలేదు.

మర్నాడు పొద్దున్నే సుత్తి చప్పుడు. ఆ ఇటుకల గోడ పగలగొడుతున్నాడు. మేస్త్రీని పిలుద్దామంటే వినలేదు. అరవయ్యారేళ్ళ మనిషి, మూడు రోజులు. పాతదానికంటే పెద్ద ఫ్యాను పెట్టించాడు. గాలి గొట్టం మాస్క్ ఎక్కడో దూరంనుంచి తెప్పించాడు. అది నాకు తొడిగి, నువ్వు లోపలికి వెళ్ళు, నేను బయటుంటానన్నాడు. ఉత్తరం చదివాక మాట్లాడింది అంతే. నీ ఉత్తరం నాకు తిరిగివ్వలేదు. చొక్కా జేబులో ఉంది.

నన్ను తిట్టు. తిట్టాక, గన్ను ఎంత దూరంలో పట్టుకోవాలో చెప్పు.

కోడలు


కిటికీ పక్క కుర్చీ
ఏప్రిల్ 29

కోడలు పిల్లకి,

రెండు రోజులు కాదు, అయిదు రోజులు ఆగాను. మొదటి రోజు నీ మీద కోపం. రెండో రోజు మీ అత్తయ్య "పోనీలెండి, మీకు ఇక దాచుకోవడానికేం లేదు, హాయిగా పడుకోండి" అంది. నిజంగానే పడుకున్నాను. మధ్యాహ్నం నాలుగింటిదాకా లేవలేదు.

జానెడు దూరంలో పట్టుకో. చెయ్యి తిప్పకు, మనిషివే పక్కకి నడువు. ముందు పచ్చ రెండు పల్చని పొరలు, మధ్యలో ఆరనియ్యి. తర్వాత పైపొర. పైపొర దగ్గర అందరికీ ఆశ పుడుతుంది, ఇంకొంచెం కొడితే ఇంకా మెరుస్తుందని. అక్కడే రంగు కారుతుంది. దుమ్ము పడితే పడనియ్యి. ఆరాక రుద్ది తీసెయ్యొచ్చు. ఫ్యాను మాత్రం ఆపకు.

వేశాక అసలు ఓపిక మొదలవుతుంది. చేతికి ఆరినట్టే ఉంటుంది కానీ లోపల పచ్చిగానే ఉంటుంది. రెండు నెలలు మైనం పాలిష్ గానీ, కొత్త కోటింగులు గానీ పెట్టకు. ఆవిరి బయటికి పోవాలి, మూత పెడితే మసకబారుతుంది. టార్పాలిన్ కప్పకు. చెట్టు కింద పెట్టకు. పిట్ట రెట్ట పడితే అప్పటికప్పుడు నీళ్ళతో నానబెట్టి తియ్యి, గోకకు. కడిగేటప్పుడు రెండు బకెట్లు పెట్టుకో, ఒకటి సబ్బుకి, ఒకటి గుడ్డ జాడించడానికి. లేకపోతే మట్టితోనే కారుని తోమినట్టవుతుంది.

మీ నాన్న ఇంకేమీ అనలేదా?

మామయ్య


షెడ్డు గుమ్మంలో
జూన్ 9

మామయ్యా,

రంగు పడింది. నెల రోజులైంది. నువ్వు చెప్పినట్టే కుడి తలుపు దగ్గర ఆశకి పోయాను, రంగు కన్నీళ్ళలా కారింది. వారం ఆగి, మాస్క్ పెట్టుకునే రుద్ది, మళ్ళీ వేశాను. నాన్న కిటికీ అద్దంలోంచి చూస్తూ వేళ్ళతో ఎటు నడవాలో చూపించాడు. దుమ్ము చుక్కలు ఇరవయ్యో ముప్ఫయ్యో ఉన్నాయి. రుద్ది, మైనం లేని పాలిష్ పట్టించాను. ఇప్పుడు దాని ముందు నిలబడితే నా మొహం కనపడుతుంది, నేను వద్దన్నా.

అయితే నాన్నతో వేగలేకపోతున్నాను. మొదటి వారమే మైనం డబ్బా కొనుక్కొచ్చాడు. లాక్కుని దాచాను. ఇప్పుడు పిట్టల మీద పడ్డాడు. షెడ్డు ముందు కుర్చీ వేసుకుని, ఒళ్ళో నీళ్ళ సీసా పెట్టుకుని కాపలా. మొన్న ఒక పావురం పనికానిచ్చి వెళ్ళింది. నన్ను క్లాసు మధ్యలో ఫోన్ చేసి పిలిచాడు, ఎంతసేపు నానబెట్టాలి అని. నా స్టూడెంటు భయపడి రోడ్డు మధ్యలో కారు ఆపేశాడు.

నువ్వడిగావుగా, ఇంకేమైనా అన్నాడా అని. నిన్న అన్నాడు. రెండు బకెట్లూ పక్కన పెట్టుకుని కారు కడుగుతున్నాం. గుడ్డ పిండుతూ, నా వైపు చూడకుండా, "ఈ వాసన పూర్తిగా పోయేసరికి ఎన్నాళ్ళు పడుతుందట?" అన్నాడు. నువ్వు రెండు నెలలన్నావని చెప్పాను. "మూడు నెలలు ఆగమను. తొందరేం లేదు. మూడు నెలలయ్యాక రమ్మని రాయి" అన్నాడు.

రాశాను.

కోడలు


కిటికీ పక్క కుర్చీ
జూన్ 18

కోడలు పిల్లకి,

డాక్టరుని అడిగాను. రంగు పూర్తిగా గట్టిపడి, షెడ్డులో డబ్బాలు, తిన్నర్ లేకుండా చేసి, తలుపులు బార్లా తీసి ఉంచితే ఫరవాలేదన్నాడు. మందు వెంట ఉంచుకోమన్నాడు. ఆగస్టు పదిహేడు, పొద్దుటి బండికి వస్తాను. మీ అత్తయ్య నా సంచీ ఇప్పుడే సర్ది పెట్టింది, రెండు నెలల ముందే.

ఆ లోపు మైనం పెట్టుకోవచ్చు, ఆగస్టు మొదటి వారంలో. కొంచెమే. మీ నాన్నకి డబ్బా అంతా ఇవ్వకు.

మామయ్య


ఇంట్లో
ఆగస్టు 26

మామయ్యా,

క్షేమంగా చేరావని అత్తయ్య ఫోన్ చేసింది. నువ్వు వెనకనుంచి "మెట్లు నేనే ఎక్కానని చెప్పు" అనడం నాకు వినపడింది.

నువ్వు చూడనివి కొన్ని చెబుతాను. ఆ రోజు నాన్న తెల్లారకముందే షెడ్డు తలుపులు తీసేశాడు. డబ్బాలన్నీ ముందు రోజే పక్కింటివాళ్ళ గరాజుకి చేర్పించాడు. నేల రెండుసార్లు కడిగాడు, వాసన పోయిందో లేదో నన్ను పిలిచి చూడమన్నాడు. మూడు చొక్కాలు మార్చాడు. నువ్వు ఆటో దిగగానే ఏదో అనాలని పాఠంలా వల్లెవేసుకున్నాడని నా అనుమానం, ఎందుకంటే నిన్ను చూశాక "సంచీ ఇలా ఇయ్యి బావా" తప్ప ఇంకేమీ రాలేదు ఆయనకి. నువ్వేమో బానెట్ మీద అరచెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, ఆ చివర్నుంచి ఈ చివరకి నడిచావు. ఆ రెండు నిమిషాలు నేను ఊపిరి బిగబట్టుకునే ఉన్నాను. "పాసయ్యావే" అన్నావు చూడు, నా దగ్గర నేర్చుకునేవాళ్ళు లైసెన్సు రాగానే ఎందుకు ఏడుస్తారో అప్పుడు తెలిసింది.

తర్వాత నాన్న పక్క తలుపు తీసి నిన్ను కూర్చోబెట్టుకుని వెళ్ళిపోయాడు. రెండు సీట్ల కారు. రంగు వేసినదాన్ని నేను, గేటు పట్టుకుని నిలబడ్డదాన్నీ నేనే. గంటా నలభై నిమిషాలు. తిరిగొచ్చాక ఇద్దరి మొహాలూ ఒకలాగే ఉన్నాయి. నువ్వు వెళ్ళి పడుకున్నావు, ఆయన చక్రాలు కడుక్కుంటూ కూర్చున్నాడు. ఏమిటని అడిగితే, "రోడ్డు బాలేదు" అన్నాడు.

నిన్న ఒకాయన తన పాత కారుకి రంగు వెయ్యాలని వచ్చాడు, మన కారు వీధిలో చూశాడట. నేను వద్దని చెప్పేలోపే నాన్న, "ఫ్యాను ఉంది, మాస్క్ ఉంది, మా అమ్మాయి వేస్తుంది. దగ్గరుండి చెప్పడానికి మా బావమరిది ఉత్తరాలు రాస్తాడు" అనేశాడు. ఆదివారాలు మాత్రమే అని ఒప్పుకున్నాను. కాబట్టి నీకు పని పడింది.

ఆ గంటా నలభై నిమిషాలు ఏం మాట్లాడుకున్నారు? చెప్పకూడనిదైతే చెప్పకు.

కోడలు


కిటికీ పక్క కుర్చీ
సెప్టెంబరు 4

కోడలు పిల్లకి,

చెప్పకూడనివి దాచి దాచి విసిగిపోయాను, చెబుతాను.

ఊరు దాటాం. అద్దాలు దించాడు, నాకు గాలి సరిపోతోందా అని మూడుసార్లు అడిగాడు. ఫ్యాను ఆపుదామన్నది తనేనని మొదలుపెట్టాడు. స్విచ్చి నొక్కింది నేనని అన్నాను. కొంచెంసేపు దాని మీద పోట్లాడుకున్నాం, తప్పు నాదంటే నాదని. ఎవరైనా వింటే నవ్విపోదురు.

తర్వాత గట్టు రోడ్డు ఎక్కాం. నా వైపు తిరగకుండా, రోడ్డునే చూస్తూ అన్నాడు.

"నీ దగ్గు విన్నాను బావా. నువ్వు వెళ్ళిపోయే ముందు వారం. షెడ్డు వెనక గోడ పట్టుకుని దగ్గుతున్నావు, నేను లోపలున్నాను. వచ్చి అడుగుదామనుకున్నాను. అడిగితే నువ్వు నిజం చెబుతావు, చెబితే షాపు ఆగిపోతుంది. అందుకని వినపడనట్టు రేకు కొట్టుకుంటూ కూర్చున్నాను. నువ్వు విసుగొచ్చిందని చెప్పి వెళ్ళిపోతుంటే, నాకు కోపం తెచ్చుకోవడం తేలికయింది. ఇన్నేళ్ళూ ఆ కోపాన్నే పట్టుకుని వేళ్ళాడాను."

పద్దెనిమిదేళ్ళు నేను ఆయన్ని కాపాడుతున్నానని అనుకుంటూ ఉన్నాను, ఆయనేమో ఆ దగ్గుని ఒంటరిగా మోసుకుంటూ తిరుగుతున్నాడు. నెలకోసారి ఆ ఇంజను స్టార్ట్ చేసి విని ఆపేసేవాడన్నావు. అందులో కూర్చుని ఏం విన్నాడో.

చివరికి అన్నాను, "అడిగినా నేను నిజం చెప్పేవాణ్ణి కాదు" అని. అది ఆయన మనసు తేలికచెయ్యడానికి అన్నమాట కాదు, నిజమే.

"అయినా అడగాల్సింది" అన్నాడు.

"అడగాల్సింది" అన్నాను.

అంతే. అప్పటికి రెండు మైళ్ళుగా కారు రెండో గేరులోనే వెళ్తోంది. నీకు డ్రైవింగ్ నేర్పిన మనిషి. గేరు మార్చు బావా, ఇంజను మూలుగుతోందన్నాను. మార్చాడు. ఆ తర్వాత ఇంటికొచ్చేదాకా నీ పని గురించే మాట్లాడుకున్నాం. ఎడమ తలుపు నేను వేసినప్పటికంటే బాగా వచ్చిందని ఆయన అన్నాడు. నేను ఒప్పుకోలేదు.

కొత్తగా వచ్చిన కారు ఏ రంగు? తుప్పు ఎక్కడెక్కడుందో బొమ్మ గీసి పంపు. ఈసారి మీ నాన్న కూడా ఒక కాగితం రాస్తే బావుంటుంది, సొట్టలు తీసే డెంటింగ్ పని ఆయనదే కదా. రాయడం చేతకాదంటే, ఏదో ఒకటి రాయమన్నానని చెప్పు. చదువుకోవడానికి నాకు బోలెడు తీరిక ఉంది.

మామయ్య